పోకర్‌లో 'టేబుల్ ఇమేజ్' నిజంగా పనిచేస్తుందా? 7 నెలల నా డేటా ఏం చెప్పిందంటే..

ఐపీఎల్ నడుస్తున్న రోజులు. బెంగళూరు రూమ్‌లో మంచం మీద వాలి ఫోన్‌లో పోకర్ ఆడుతున్నా. ₹1/₹2 టేబుల్, ఆరుగురం, ఒక్కొక్కరి ముందు సుమారు ₹200 చిప్స్. గంట నుంచి దాదాపు వచ్చిన ముక్కలన్నీ పడేస్తూ ఓపిగ్గా కూర్చున్నా. నా లెక్క ఏంటంటే, "వీడు మంచి ముక్కలుంటే తప్ప ఆడడు" అని టేబుల్ మొత్తానికీ అర్థమై ఉంటుంది. ఇప్పుడు ఒక్క బ్లఫ్ వేస్తే చాలు, అందరూ పారిపోతారు.

చేతికి ఇస్పేట్ రాజు, ఇస్పేట్ రాణి వచ్చాయి. ₹6కి రైజ్ చేశా. ఒక్కడే కాల్ చేశాడు. పాట్‌లో ₹13. ఫ్లాప్‌లో 9, 7, 2 పడ్డాయి, ఇస్పేట్ ఒక్కటీ లేదు. ₹8 వేశా, కాల్. తర్వాత 4 వచ్చింది. ₹20 వేశా, కాల్. ఆఖరి ముక్క ఆసు. నా దగ్గర జత కూడా లేదు, కానీ ఆసు ఉన్నట్టు కనిపించడానికి ఇంతకంటే మంచి ముక్క ఏముంటుంది? ₹69 ఉన్న పాట్‌లోకి ₹50 వేశా.

సెకను కూడా ఆలోచించలేదు. కాల్! చూపించింది 9, 8. అంటే తొమ్మిదుల జత, అంతే. నా ₹84 పోయాయి.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. గంటసేపు కష్టపడి కట్టుకున్న ఇమేజ్‌ని ఆ ఆటగాడు అసలు చూడనే లేదు. ఎందుకు చూడలేదో తెలుసుకోవడానికి నాకు ఇంకో మూడు నెలలు పట్టింది. ఈ ఆర్టికల్ దాని గురించే.

ముందుగా ఓ మాట

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. నేను బెంగళూరులో ఉన్నప్పుడు ఆడిన యాప్, సికింద్రాబాద్ రైలెక్కి తెలంగాణలోకి రాగానే లొకేషన్ చూసి టేబుల్ మూసేసేది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆమోదించాక దేశమంతటా యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. ఇలాంటి ఆటలు నడిపేవాళ్లకు 3 ఏళ్ల వరకు జైలు, ₹1 కోటి వరకు జరిమానా ఉన్నాయి. అమెరికాలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మిషిగన్, నెవాడా లాంటి రాష్ట్రాల్లో మాత్రం లైసెన్స్‌తో నడుస్తున్నాయి.

కాబట్టి ఇది "ఇలా ఆడి సంపాదించండి" అనే ఆర్టికల్ కాదు. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ 2025 జనవరి నుంచి జులై వరకు నేను ఆడినవి. ఇప్పుడు ఫ్రెండ్స్‌తో ఉత్త చిప్స్‌తోనే ఆడుతున్నా.

టేబుల్ ఇమేజ్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే, మీరు ఎలాంటి ఆటగాడో ఎదుటివాళ్ల బుర్రలో పడిన ముద్ర.

మా ఊళ్లో పెళ్లింట్లో మూడు ముక్కలాట నడిస్తే మా బాబాయి ఎప్పుడూ గోడ పక్కనే కూర్చునేవాడు. పది ఆటల్లో తొమ్మిది ముక్కలు చూసి పడేసేవాడు. పదో ఆటలో డబ్బు పెట్టాడంటే చుట్టూ ఉన్నవాళ్లు "ఆయన పెట్టాడంటే ఉన్నట్టేరా బాబూ" అని లేచిపోయేవాళ్లు. అందులో సగంసార్లు ఆయన చేతిలో ఏమీ ఉండేది కాదని చాలా ఏళ్ల తర్వాత ఆయనే నవ్వుతూ చెప్పాడు.

పోకర్ పుస్తకాలు చెప్పేదీ ఇదే. తక్కువ ఆడేవాడిని 'టైట్' అంటారు, అతని బ్లఫ్‌కి భయపడతారు. ఎక్కువ ఆడేవాడిని 'లూజ్' అంటారు, అతనికి నిజంగా మంచి ముక్కలు వచ్చినా నమ్మక కాల్ చేస్తారు. అంటే టైట్ ఇమేజ్ ఉంటే బ్లఫ్ అమ్ముకోవాలి, లూజ్ ఇమేజ్ ఉంటే మంచి ముక్కలు అమ్ముకోవాలి. దీనికి దూకుడు తోడవ్వాలి, అంటే కాల్ చేస్తూ కూర్చోకుండా మనమే పందెం వేయాలి, పెంచాలి. మనం పందెం వేస్తే గెలవడానికి రెండు దారులు: ఎదుటివాడు ఫోల్డ్ చేయడం, లేదా మన ముక్కలు పెద్దవి కావడం. ఊరికే కాల్ చేస్తే రెండో దారి ఒక్కటే మిగులుతుంది.

థియరీలో తప్పేం లేదు. బాబాయి ఆటలో అది పనిచేసింది కూడా. ఎందుకంటే అక్కడ ఏడుగురు రాత్రంతా ఒకే చాప మీద, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు.

ఫోన్ స్క్రీన్ మీద ఆ చాప ఉండదు

6.5 అంగుళాల స్క్రీన్‌లో ఒక పోకర్ టేబుల్‌ని ఊహించుకోండి. ఆరు చిన్న గుండ్రటి బొమ్మలు, వాటి కింద సగం కట్ అయిన యూజర్‌నేమ్‌లు. మీ ముక్కలు, పాట్, బటన్లు మాత్రం పెద్దగా కనిపిస్తాయి. యాప్ డిజైనరే తేల్చేశాడు, మీరు చూడాల్సింది మీ ముక్కల్నే అని!

పైగా ఫోన్‌లో ఆడే చాలామంది ఒకేసారి రెండు మూడు టేబుళ్లు తెరుస్తారు. పైన చిన్న విండోలో క్రికెట్ ఉంటుంది. ఫోల్డ్ చేసిన వెంటనే ఇంకో టేబుల్‌కి జరిగిపోతారు. మీరు ఎన్నిసార్లు ఫోల్డ్ చేశారో లెక్కపెట్టేవాడు ఎవడూ ఉండడు.

ఫాస్ట్ ఫోల్డ్ ఆటల్లో అయితే ఇది ఇంకా స్పష్టం. 2010లో ఫుల్ టిల్ట్ 'రష్ పోకర్' పేరుతో, 2012లో పోకర్‌స్టార్స్ 'జూమ్' పేరుతో తెచ్చిన ఫార్మాట్ అది. ఫోల్డ్ నొక్కగానే వేరే ఆటగాళ్లున్న కొత్త టేబుల్‌కి పంపేస్తుంది. ప్రతి ఆటకీ కొత్త మనుషులే ఎదురైతే ఇమేజ్ ఎక్కడ నిలబడుతుంది?

మరి ఆన్‌లైన్‌లో ఇమేజ్ లేదా? ఉంది. కానీ అది మనుషుల జ్ఞాపకంలో కాదు, సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. డెస్క్‌టాప్‌లో పోకర్‌ట్రాకర్, హోల్డెమ్ మేనేజర్ లాంటి టూల్స్ ఆడిన ప్రతి హ్యాండ్‌నీ డేటాబేస్‌లో దాస్తాయి. ప్రతి ఆటగాడి పేరు పక్కన అంకెలు చూపిస్తాయి. దాన్నే హెడ్స్ అప్ డిస్‌ప్లే అంటారు. అందులో ముఖ్యమైనవి రెండు. వీపీఐపీ అంటే మీరు నూటికి ఎన్ని హ్యాండ్స్‌లో ఇష్టపడి డబ్బు పెట్టారో. పీఎఫ్ఆర్ అంటే ఫ్లాప్‌కి ముందే ఎన్నిసార్లు రైజ్ చేశారో. ఈ రెండు అంకెల మధ్య దూరం ఎక్కువుంటే, ఆ ఆటగాడు రైజ్ చేయడం కంటే ఊరికే కాల్ చేసేదే ఎక్కువన్నమాట.

నేను ఆడిన యాప్‌లో బయటి టూల్స్‌కి అనుమతి లేదు. కానీ ఎదుటి ఆటగాడి మీద కలర్ ట్యాగ్, చిన్న నోట్ పెట్టుకునే ఆప్షన్ ఉంది. నా కథ మలుపు తిరిగింది అక్కడే.

ఎర్ర ట్యాగ్

ఆఫీసులో నా పక్క టీమ్‌లో అనంతపురం కుర్రాడు ఒకడు ఉండేవాడు. ఓ రోజు లంచ్‌లో అతని ఫోన్‌లో అదే యాప్ చూశా. మాటల్లో నా యూజర్‌నేమ్ చెప్పా. అతను ఒక్క క్షణం ఆగి నవ్వాడు.

"అది నువ్వేనా బ్రో?"

సెర్చ్ చేసి చూపించాడు. నా పేరు పక్కన ఎర్ర ట్యాగ్. కింద నోట్: "ఊరికే కూర్చుంటాడు, తర్వాత రివర్ దాకా కాలుస్తాడు. వదలొద్దు, కాల్ చెయ్."

ఆర్నెల్లుగా నేను పెద్ద స్ట్రాటజీ అనుకున్నది ఒకటిన్నర లైన్లలో రాసేశాడు. నేను టైట్ ఇమేజ్ కడుతున్నా అనుకున్నా. అతనికి కనిపించింది మాత్రం, టైట్‌గా కూర్చుని ఒకేసారి బ్లఫ్‌తో లేచే మనిషి. "నువ్వు గంటసేపు ఫోల్డ్ చేసింది నాకెందుకు గుర్తుంటుంది అన్నా? షోడౌన్‌లో చూపించింది గుర్తుంటుంది" అన్నాడు.

ఆ మాట రాసిపెట్టుకోండి. ఆన్‌లైన్‌లో మీ ఇమేజ్ మీరు పడేసిన ముక్కలతో రాదు. మీరు దొరికిపోయిన ముక్కలతో వస్తుంది. (తెలిసినవాళ్లు ఒకే టేబుల్‌లో కూర్చోవడం కూడబలుక్కోవడం కిందకి వస్తుంది కాబట్టి, ఆ రోజు నుంచి ఇద్దరం ఒకే టేబుల్‌లో ఆడలేదు.)

డేటా తీశా

ఆ వీకెండ్ నా హ్యాండ్ హిస్టరీ మొత్తం ఈమెయిల్‌కి తెప్పించుకుని ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశా. చివరికి జులై దాకా కలిపితే 11,400 హ్యాండ్స్ అయ్యాయి. ముందు ఒక్క ప్రశ్నే అడిగా: జత కూడా లేకుండా రివర్‌లో నేను పెద్ద పందెం వేసిన ప్రతిసారీ ఏమైంది?

అలాంటివి 118 ఉన్నాయి. అందులో ఎదుటివాళ్లు ఫోల్డ్ చేసింది 44 సార్లు, అంటే 37 శాతం.

ఇది తక్కువా, ఎక్కువా? పైన చెప్పిన హ్యాండ్‌నే తీసుకోండి. ₹69 గెలవడానికి ₹50 పెట్టా. ఆ బ్లఫ్ నష్టం లేకుండా ఉండాలంటే 50ని 119తో భాగించాలి. నూటికి 42 సార్లు ఫోల్డ్ కావాలి. నాకు వచ్చింది 37. అంటే ప్రతి బ్లఫ్‌లో కొద్దికొద్దిగా కారిపోతోంది.

అసలు టెస్ట్ తర్వాత పెట్టా. బ్లఫ్‌కి ముందు 30 హ్యాండ్స్‌లో నేను తక్కువ ఆడానా, ఎక్కువ ఆడానా అని విడదీశా. ఇమేజ్ పనిచేస్తే, తక్కువ ఆడిన తర్వాత ఫోల్డ్‌లు ఎక్కువ రావాలి కదా.

• అప్పుడప్పుడూ వచ్చిపోయే ఆటగాళ్లు: టైట్‌గా ఉన్నప్పుడు 47లో 16 ఫోల్డ్, అంటే 34 శాతం. లూజ్‌గా ఉన్నప్పుడు 44లో 16, అంటే 36 శాతం. తేడా లేదన్నట్టే.

• నాతో 200 హ్యాండ్స్ దాటి ఆడిన రెగ్యులర్స్: టైట్‌గా ఉన్నప్పుడు 14లో 8 ఫోల్డ్. లూజ్‌గా ఉన్నప్పుడు 13లో 4 మాత్రమే.

రెండో లైన్ శాంపిల్ చాలా చిన్నది, దాని మీద పెద్ద తీర్మానం చేయను. కానీ మొదటి లైన్ చూశాక నా గంటల తరబడి ఓపిక ఎవరి కోసమో అర్థం కాలేదు. నా బ్లఫ్‌లలో 91 అసలు నన్ను చూడనివాళ్ల మీద వేసినవే.

మరి దూకుడు వదిలేయాలా?

వదలకూడదు. దాని దిశ మార్చాలి. అదే డేటాలో ఇంకో లెక్క ఉంది. బోర్డు మీద ఉన్న పెద్ద ముక్కతో జత, లేదా అంతకంటే మంచిది ఉన్నప్పుడు రివర్‌లో పందెం వేసింది 143 సార్లు. 84 సార్లు కాల్ వచ్చింది. అందులో 61 సార్లు నేనే గెలిచా. కాల్ చేసినప్పుడు సగానికి పైగా గెలుస్తున్నామంటే ఆ పందెం లాభమే.

జూన్‌లో ఒక హ్యాండ్ చెప్తా. నా దగ్గర ఆసు, జాకీ. ఫ్లాప్‌లో జాకీ, 8, 3. కావాలనే పాత సైజులే వాడా: ₹8, ₹20, ₹50. మూడుసార్లూ కాల్. అతను చూపించింది 10, 8. మొదటి హ్యాండ్‌లో నన్ను ముంచిన అలవాటే ఇక్కడ నాకు డబ్బిచ్చింది. అయితే ఒకటి గమనించండి. ఓడినప్పుడు ₹84 పోయాయి. గెలిచినప్పుడు ₹169 పాట్‌లో 5 శాతం యాప్ కమిషన్, అంటే రేక్, ₹8.45 పోగా నాకు మిగిలిన లాభం ₹76.55.

చిన్న పందేల టేబుల్స్‌లో నాకు పనికొచ్చిన సెట్టింగ్స్ ఇవీ:

1. కాల్ చేసేవాడిని బ్లఫ్ చేయొద్దు. వినడానికి తేలిక. కానీ "ఈసారి నమ్ముతాడులే" అనే ఆశ ప్రతిసారీ వస్తుంది.

2. మంచి ముక్కలుంటే పెద్దగా వేయండి. తెలివిగా దాచి చెక్ చేయడం, చూస్తున్నవాడి ముందు ట్రిక్. చూడనివాడి ముందు పాట్ తగ్గించుకోవడమే.

3. బ్లఫ్ చేయాలంటే దారి ఉన్న ముక్కలతో చేయండి. ఫ్లాప్‌లో ఒకే రంగు ముక్కలు నాలుగు కుదిరితే, ఇంకా 9 ముక్కలు మీకు పనికొస్తాయి. రివర్ లోపు ఫ్లష్ పడే అవకాశం దాదాపు 35 శాతం. ఫోల్డ్ చేస్తే సరి, చేయకపోయినా ఇంకో ఛాన్స్ ఉంది. నా రాజు-రాణికి ఆ రోజు అలాంటి దారి లేదు.

4. టైమ్ చూడండి. వెంటనే వచ్చే కాల్ చాలాసార్లు ముందే టిక్ పెట్టిన ఆటో బటన్, లేదా ఆలోచించకుండా నొక్కిన వేలు. అతని మీద ఇమేజ్ ఖర్చు పెట్టడం వృథా.

5. ఇమేజ్ ఆట రెగ్యులర్స్‌కే దాచుకోండి. మీరు ఎవరి మీద నోట్ రాసుకున్నారో, బహుశా మీ మీద నోట్ రాసుకున్నదీ వాళ్లే.

ఇమేజ్ అక్కర్లేని ఆటగాడు

టెక్ ఫ్రెండ్స్ కోసం ఒక ఆసక్తికరమైన విషయం. 2019లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ, ఫేస్‌బుక్ ఏఐ కలిసి చేసిన 'ప్లూరిబస్' అనే ప్రోగ్రామ్ ఆరుగురి టేబుల్‌లో ప్రొఫెషనల్స్‌ని ఓడించింది. ట్రైనింగ్‌కి 64 కోర్ల సర్వర్ మీద 8 రోజులు పట్టింది, జీపీయూ వాడలేదు. క్లౌడ్ ఖర్చు లెక్కేస్తే 150 డాలర్ల లోపే.

అది ఎదుటివాళ్ల స్వభావాన్ని బట్టి తన ఆట మార్చుకోదు. "నేను టైట్‌గా కనిపిస్తున్నానా?" అని అడగదు. ఇదే పరిస్థితిలో తనకు ఉండగలిగే ముక్కలన్నీ లెక్కేసి, వాటిలో ఎన్నింటితో బ్లఫ్ చేస్తే ఎదుటివాడికి ఏ దారీ లాభం కాదో చూస్తుంది. ఆ స్థాయి మనకు రాదు. కానీ పాఠం తీసుకోవచ్చు: బ్లఫ్ చేసేముందు "నా గురించి వాళ్లేం అనుకుంటున్నారు?" కంటే "ఈ పందెంలో లెక్క కుదురుతోందా?" అనే ప్రశ్న ముందు రావాలి.

నా ఇమేజ్‌ని నిజంగా చూసింది ఎవరంటే

ఇది రాయాలా వద్దా అని ఆలోచించా. కానీ ఇది లేకపోతే ఆర్టికల్ సగమే.

ఆ 7 నెలల్లో నేను వాట్సాప్ స్టేటస్‌లో 9 స్క్రీన్‌షాట్లు పెట్టా. అన్నీ గెలిచినవే. ఓడినవి ఎవరు పెడతారు చెప్పండి!

గుంటూరులో ఇంజనీరింగ్ చదివే మా తమ్ముడు జులైలో ఒక రాత్రి ఫోన్ చేశాడు. హాస్టల్‌లో ఎవడో ఫేక్ లొకేషన్ యాప్ పెట్టి ఇచ్చాడట. మెస్ బిల్లు డబ్బులు ₹2,800 పోయాయి.

"నీలాగే ఆడా అన్నయ్యా. అరగంట ఏమీ ఆడకుండా కూర్చున్నా. తర్వాత రివర్‌లో మొత్తం వేశా. వాడు ఫోల్డ్ చెయ్యలేదు."

ఏం అనాలో తెలియలేదు. ముందు డబ్బు పంపా. తర్వాత నా స్ప్రెడ్‌షీట్ పంపా. అందులో చివరి లైన్ అప్పటిదాకా ఎవరికీ చూపించలేదు: 7 నెలలకు మొత్తం ₹3,860 నష్టం. అందులో రేక్ ఒక్కటే ₹2,310. జత కూడా లేకుండా రివర్ దాకా కాల్చిన హ్యాండ్స్‌లో పోయింది సుమారు ₹1,100. మిగతావి మామూలు తప్పులు.

కాసేపటికి వాడి మెసేజ్ వచ్చింది. "మరి ఆ స్క్రీన్‌షాట్లు?"

"అవీ నిజమే రా. అవి మాత్రమే చూపించా" అని రాశా.

టేబుల్ మీద నన్ను గమనిస్తున్నారని నేను అనుకున్నవాళ్లు క్రికెట్ చూస్తున్నారు. నన్ను శ్రద్ధగా గమనించింది ఇంట్లో ఉన్న తమ్ముడు.

ఫైనల్ వర్డిక్ట్

టేబుల్ ఇమేజ్ అనే ఫీచర్ నిజమే, కానీ అది రన్ అవ్వాలంటే ఎదుటివాడి దగ్గర జ్ఞాపకమో, నోట్స్‌యో, సాఫ్ట్‌వేరో ఉండాలి. చిన్న పందేల మొబైల్ టేబుల్‌లో ఎక్కువమందికి ఆ సపోర్ట్ లేదు. దూకుడు మాత్రం అక్కడ కూడా పనిచేస్తుంది, మంచి ముక్కలతో, లెక్క కుదిరిన చోట వాడితే.

ఫ్రెండ్స్‌తో ఉత్త చిప్స్‌తో ఆడేటప్పుడు ఒకసారి ట్రై చేయండి. 200 హ్యాండ్స్ తర్వాత, "నేను ఎలా ఆడతాను?" అని మీరు ఒక లైన్ రాసుకోండి. మీ గురించి ఫ్రెండ్‌ని కూడా ఒక లైన్ రాయమనండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

మా తమ్ముడితో నేను అదే చేశా. నా గురించి వాడు రాసింది: "ఊరికే కూర్చుంటాడు, తర్వాత కాలుస్తాడు." అనంతపురం కుర్రాడి నోట్ సంగతి వాడికి నేనింకా చెప్పనే లేదు!